కడలి వేడి దాచుకున్న రోజు

ఒకప్పుడు సముద్రపు ఒడ్డున గాలి వీచేది కాదు. కొబ్బరాకు కూడా కదిలేది కాదు. పొయ్యి మీంచి లేచిన పొగ పక్కకి పోవడానికి దారి తెలియక, గుడిసె ముందే గంటల తరబడి వేలాడుతూ ఉండేది.

గాలి లేదా అంటే, ఉంది. కాకపోతే కూర్చుని ఉండేది.

ఆ గాలి పేరు గాలయ్య. మహా చలిమనిషి. ఎక్కడ వెచ్చగా ఉంటే అక్కడికి పరుగెత్తడం ఆయన పుట్టుక. మరి అలాంటివాడు కూర్చున్నచోటే ఎందుకు కూర్చున్నాడంటే, దానికి కారణం ఇద్దరు అక్కచెల్లెళ్ళు.

అక్క నేలమ్మ, చెల్లి కడలమ్మ. రోజూ తెల్లవారగానే సూరీడు వచ్చి, ఇద్దరికీ ఒకే కుంచంతో వేడి కొలిచి పోసేవాడు. ఒక కంట వెన్న, ఒక కంట సున్నం పెట్టే మనిషి కాదాయన. అక్కచెల్లెళ్ళకి మాత్రం ఒకరంటే ఒకరికి పడేది కాదు. పోసిన వేడినంతా ఇద్దరూ ఒంటిపైనే కప్పుకుని, "నా వీపు ఎంత వెచ్చగా ఉందో చూడు" అంటే "ముందు నా వీపు చూడు" అని పొద్దంతా పోటీ పడేవాళ్ళు. సాయంత్రానికల్లా ఇద్దరి వేడీ ఒకేసారి అయిపోయేది. తెల్లవారుజామున ఇద్దరూ పళ్ళు టకటకలాడిస్తూ వణికేవాళ్ళు. మళ్ళీ సూరీడు రాగానే పోటీ మొదలు. బుద్ధి రావడానికి కాస్త వణుకు సరిపోదు కదా!

ఇటు చూస్తే నేల వెచ్చన. అటు చూస్తే కడలీ అంతే వెచ్చన. ఇంక గాలయ్య ఎందుకు లేస్తాడు? ఒక కాలు ఇసుకలో, ఒక కాలు నీళ్ళలో పెట్టుకుని హాయిగా కునుకు తీసేవాడు.

గాలి కదలకపోతే తెప్పలు ఎలా కదులుతాయి? చేతులతోనే. ఒడ్డు మీది గవ్వలపేటలో చేపలు పట్టే వాళ్ళందరికీ తెడ్డే దిక్కు. తెరచాప అనేది ఒకటుంటుందని వాళ్ళు కలలో కూడా అనుకోలేదు. అందుకని వాళ్ళకో కట్టుబాటు ఉండేది. ఒడ్డున ఉన్న మూడు తాటిచెట్ల తలలు కనబడినంత దూరమే వెళ్ళాలి. తలలు నీళ్ళలో మునిగిపోతున్నట్టు కనబడిందా, వెంటనే తెప్ప తిప్పెయ్యాలి. పోవడానికి సగం బలం, రావడానికి సగం బలం. దాటితే చేతుల్లో బలం నడిసముద్రంలోనే అయిపోతుంది.

ఆ పేటలో ఎర్నమ్మ అని ఒకావిడ ఉండేది. చేపలు ఎండబెట్టడంలో ఆమెది అందెవేసిన చెయ్యి. నోరు కూడా అంతే. ఆమె మొగుడు కొర్లయ్య మాత్రం నోట్లో నాలుక లేని మనిషి.

ఒకరోజు పక్కింటివాళ్ళ వలలో చెయ్యంత పొడుగు కోనాం చేప పడింది. పేటంతా చూడ్డానికి వెళ్ళింది. ఎర్నమ్మా వెళ్ళింది. చూసి వచ్చి, వలకి చిల్లులు కుట్టుకుంటున్న మొగుడి ముందు నిలబడింది.

"సూసినావా? ఆళ్ళింట్లో కోనాం! మనింట్లో ఎప్పుడు సూసినా ఏలెడేసి కవళ్ళ సేపలే. ఆళ్ళకున్నట్టు నీకు సేతుల్లేవా?"

"కోనాం దూరంగా ఉంటాదే" అన్నాడు కొర్లయ్య.

"దూరంగా ఉంటే దూరమెల్లాల. కూకుంటే సేప నడిసొచ్చి సట్టిలో పడతాదా?"

కొర్లయ్య వల చిల్లులు కుట్టడం ముగించాడు. మర్నాడు చీకటితోనే లేచి, ముసలి తండ్రి సింహాద్రితో కలిసి తెప్పని నీళ్ళలోకి తోసేశాడు. ఎర్నమ్మ తన పాత ఎర్రచీరలో చద్దన్నం మూట కట్టి ఇచ్చింది. సొరకాయ బుర్రలో మంచినీళ్ళు పోసి ఇచ్చింది. ఒక్క మంచిమాట మాత్రం ఇవ్వలేదు.

పొద్దెక్కింది. తెప్పలు ఒక్కొక్కటే ఒడ్డుకి వచ్చాయి. కొర్లయ్య తెప్ప రాలేదు.

ఎర్నమ్మ చేపల బుట్ట కింద పెట్టి ఇసుక తిన్నె ఎక్కింది. కళ్ళ మీద చెయ్యి అడ్డం పెట్టుకుని చూసింది. చాలా దూరంలో, నీళ్ళకీ ఆకాశానికీ మధ్య, తుమ్మగింజంత నల్లటి చుక్క. అది కదలడం లేదు.

"మీ ఆయన తాటితలలు దాటీసినాడమ్మా" అన్నాడు అప్పుడే తెప్ప లాగి వచ్చిన పోలయ్య. "నాను కేకేసినాను. ఇనిపించుకోనేదు. కోనాం నేకుండా ఇంటికెల్తే ఎర్నమ్మ ఊరుకోదు అన్నాడు."

ఎర్నమ్మ ఒడ్డున ఉన్న మగవాళ్ళ వైపు తిరిగింది.

"ఎవరైనా ఎల్లి తీసుకురండి బాబూ!"

మగవాళ్ళు తమ చేతులు చూసుకున్నారు. తెల్లవారుజాము నుంచి తెడ్డు వేసి వేసి అవి కందిపోయి ఉన్నాయి. "మేమెల్తే మేమూ అక్కడే ఉండిపోతాం తల్లీ" అన్నాడు పోలయ్య. అది అబద్ధం కాదు. ఎర్నమ్మకి ఆ సంగతి తెలుసు.

సొరబుర్రలో నీళ్ళు ఈపాటికి అయిపోయి ఉంటాయి. పైన ఎండ. ముసలాయనకి డెబ్భై దాటాయి. ఎర్నమ్మ ఇంకేమీ ఆలోచించకుండా తిన్నె దిగి, ఒడ్డున కునుకు తీస్తున్న గాలయ్య దగ్గరికి పరుగెత్తింది.

"గాలయ్య బాబూ! నా పెనిమిటీ, మా మావా సంద్రంలో ఉండిపోనారు. కూసింత లేసి ఆ తెప్పని ఇటు తోసీ బాబూ!"

గాలయ్య ఒక కన్ను తెరిచాడు. "ఏటమ్మా, మనిషిని కూకోనివ్వవా? నాను సలిమనిషిని. ఎచ్చన తక్కువున్న కాడినుంచి ఎక్కువున్న కాడికి పోతాను. ఇక్కడా అక్కడా ఒకటే ఎచ్చనైతే ఎటని పోను?"

"రెండు పేణాల కోసం, ఊరికే నడవలేవా?"

"మొండితనం కాదమ్మా. సేప సెట్టెక్కనేదు, నాను ఊరికే నడవనేను. నా పుటకే అది." నిజంగానే బాధపడ్డాడు గాలయ్య. "నేలైనా ఇంకొంచెం ఏడెక్కాల, కడలైనా ఇంకొంచెం సల్లబడాల. అప్పుడు సూడు నా పరుగు!"

ఎర్నమ్మ మోకాళ్ళ మీద కూలబడి ఇసుకని రెండు చేతులతో పట్టుకుంది. "నేలమ్మా, ఇంకొంచెం ఏడెక్కు తల్లీ!"

"ఎక్కడ్నించి ఎక్కను?" అంది నేలమ్మ. "సూరీడు కొలిసిందే కదా నాకున్నది. కావాలంటే ఆ కడలిని సల్లబడమను. నాను తగ్గేది నేదు, ముందే సెప్తున్నాను."

ఎర్నమ్మ తల పైకెత్తింది. కళ్ళు చిట్లించుకుని సూరీణ్ణి అడిగింది. "సూరీడు బాబూ, ఈ ఒక్క పూట నేలమ్మకి రెండు కుంచాలు ఎక్కువ పొయ్యి!"

"నాకు ఇద్దరూ ఒకటేనమ్మా" అన్నాడు సూరీడు. "కొలిచి పొయ్యడం వరకే నా పని. పోసింది ఎలా వాడుకుంటారన్నది వాళ్ళిష్టం."

"అందరూ నీతులు సెప్పేవోళ్ళే!" అని విసుక్కుంది ఎర్నమ్మ. విసుక్కుంటూనే టక్కున ఆగిపోయింది.

ఎలా వాడుకుంటారన్నది వాళ్ళిష్టం. అవును కదా! పేటలో చేపలు పంచుకున్నప్పుడు ప్రతి ఇంటికీ ఒకే వాటా వస్తుంది. కొందరు వచ్చిందంతా ఆ రోజే వండేసి, కడుపు పగిలేలా తిని, మర్నాడు ఉత్త అంబలి తాగుతారు. ఎర్నమ్మ అలా చెయ్యదు. సగం వండుతుంది, సగం దాస్తుంది. వాటా ఒకటే. తేడా అంతా దాచుకోవడంలోనే ఉంది.

ఆమె లేచి సముద్రంలోకి నడిచింది. మోకాలి లోతు నీళ్ళలో నిలబడింది. నీళ్ళు కాళ్ళని కాలుస్తున్నాయి.

"కడలమ్మా, కొంచెం సల్లబడు తల్లీ!"

"నానా?" కడలమ్మ నివ్వెరపోయింది. "అక్క ఎదరే? నీకేటైనా పిచ్చా గుంటా? నా ఏడి పారబోసుకోమంటావా?"

"పారబోసుకోడం కాదమ్మా. దాసుకోడం."

"దాసుకోడమంటే ఏటి?"

ఆ మాట అప్పటిదాకా కడలమ్మ వినలేదు. ఎర్నమ్మ పరుగున వెళ్ళి తన చేపల బుట్ట తెచ్చింది. "ఇదిగో సూడు. నాకు ఇరవై సేపలొస్తే పది ఇయ్యాల సట్టిలో ఏస్తాను. పదింటికి పొట్ట సీల్చి, ఉప్పు రాసి, ఎండబెట్టి, కుండలో ఏసి మూత పెడతాను. వల ఖాళీగా వొచ్చిన రోజున మూత తీస్తాను. నీకు సూరీడు పోసిన ఏడి కూడా అంతేనమ్మా. సగం లోపలికి దించీసుకో. నీకు ఎంత లోతుందో నాకు తెల్దా? ఆ లోతుకంటే మంచి కుండ ఎక్కడుంది? సీకటిపడ్డాక, సలేసినప్పుడు తీసుకుని కప్పుకో."

కడలమ్మకి ఆశ పుట్టింది. తెల్లవారుజాము వణుకు ఎలా ఉంటుందో ఆమెకి బాగా తెలుసు. కానీ అంతలోనే నీళ్ళు ముడుచుకున్నాయి.

"దాసుకుంటే పైన సల్లగా అయిపోతాను. అక్క నన్ను సూసి నవ్వుతాది. నాకంటే నువ్వు తక్కువేనే అంటాది. నానొప్పుకోను."

అప్పుడు ఎర్నమ్మకి ఏడుపు ఆగలేదు. బుట్ట నీళ్ళలో పడిపోయినా చూసుకోలేదు.

"నానూ అదే పని సేసినాను తల్లీ!" అని ఏడ్చింది. "పక్కింటోళ్ళ సేప సూసొచ్చి, నా మొగుణ్ణి నానా మాటలూ అన్నాను. ఆళ్ళకున్నట్టు నీకు సేతుల్లేవా అన్నాను. ఆ సేతులతోనే నాకు పదేళ్ళుగా కూడు పెడతన్నాడు. అది మర్సిపోనాను. ఇప్పుడాడు ఎవళ్ళకీ అందనంత దూరంలో ఉన్నాడు. నాకు కోనామొద్దు తల్లీ. ఆడొస్తే సాలు. నీకు మీ అక్క ఉంది. రేపు కూడా ఉంటాది. నాకు మాత్రం మల్లీ దొరకడు!"

కడలమ్మ ముడుచుకున్న నీళ్ళని వదులు చేసింది.

"ఆ తెప్ప నా వీపు మీదే ఉంది" అంది చివరికి, మెల్లగా. "నీ మొగుడు తెడ్డు పక్కన పెట్టీసినాడు. ముసలోడు నీళ్ళు, నీళ్ళు అంటన్నాడు. సుట్టూ నాను ఇన్ని నీళ్ళతో ఉన్నాను. గుక్కెడు తాగడానికి ఇయ్యనేను. నాకు కూడా సిగ్గుగానే ఉంది."

ఆ మాట అని కడలమ్మ తనని తాను కలియబెట్టుకుంది, గంజిని గరిటెతో కలిపినట్టు. పైనున్న వెచ్చటి నీళ్ళు కిందికి, కిందనున్న చల్లటి నీళ్ళు పైకి. వేడి లోపలికి, ఇంకా లోపలికి, చేపలు కూడా వెళ్ళని లోతుల్లోకి దిగిపోయింది. పైన ఆమె ఒళ్ళు చల్లబడింది.

ఎర్నమ్మ కాళ్ళకి మొట్టమొదటిసారి మిట్టమధ్యాహ్నం నీళ్ళు చల్లగా తగిలాయి.

"హుహుహు!" అని గాలయ్య ఉలిక్కిపడి లేచాడు. నీళ్ళలో ఉన్న కాలు పైకి లాక్కున్నాడు. "ఇదేటిది! ఇక్కడ సలేస్తంది!" ఇసుకలో ఉన్న కాలు చూసుకున్నాడు. అక్కడ వెచ్చగా ఉంది. అంతే, ఇంక ఎవరూ చెప్పక్కర్లేకపోయింది. సముద్రం మీద అక్కడక్కడా పడుకున్న తన ఒళ్ళంతా ఒక్కచోటికి చేర్చుకుని, నేల వైపు పరుగు లంకించుకున్నాడు.

తాటాకులు గలగలమన్నాయి. కొబ్బరిమట్టలు ఊగాయి. ఎన్నడూ ఊగని చెట్లు ఊగేసరికి పేటలో ముసలివాళ్ళు భయపడి దండాలు పెట్టారు. కుక్కలు మొరిగాయి. వేలాడుతున్న పొగలన్నీ ఒక్కసారిగా ఊళ్ళోకి పారిపోయాయి.

ఎర్నమ్మ ఇవేవీ చూడలేదు. ఆమె కళ్ళు చుక్క మీదే ఉన్నాయి. ఆ చుక్క మీద ఎర్రగా ఏదో లేచింది. ఆమెకి పై ప్రాణాలు పైనే పోయాయి. నిప్పా? రక్తమా?

ఆ ఎర్రటిది ఉబ్బింది. చుక్క కదిలింది.

తుమ్మగింజంత ఉన్నది చింతగింజంత అయింది. చింతగింజ చేపంత అయింది. పేటంతా ఒడ్డుకి వచ్చేసింది. "వస్తంది! తెప్ప వస్తంది!" అని పోలయ్య గంతులేశాడు. ఎవరూ తెడ్డు వెయ్యడం లేదు. తెప్ప దానంతటదే వస్తోంది. దాని నడిమధ్యన, రెండు తెడ్లకి కట్టి, ఎర్నమ్మ పాత ఎర్రచీర నిండుచూలాలిలా ఉబ్బి నిలబడి ఉంది.

ముసలాయనకి ఎండ తగలకుండా కొర్లయ్య ఆ చీరని నీడకి కట్టాడు. అంతకు మించి ఆ అమాయకుడు ఏమీ ఆలోచించలేదు. గాలయ్య దారిలో వెళుతూ వెళుతూ చీరకి అడ్డంపడి, తెప్పని కూడా తోసుకుంటూ వచ్చేశాడు.

తెప్ప ఇసుకని తాకకముందే ఎర్నమ్మ మంచినీళ్ళ ముంతతో నడుంలోతు నీళ్ళలోకి వెళ్ళిపోయింది. ముందు ముసలాయన నోట్లో నీళ్ళు పోసింది. ఆయన గటగటా తాగి, కళ్ళు తెరిచి, "ఏటే కోడలా, నీళ్ళేనా? గంజేటీ నేదా?" అన్నాడు. ఒడ్డున అందరూ ఒక్కసారి పకపకా నవ్వారు. అంతసేపూ బిగబట్టుకున్నది అలా బయటికి వచ్చింది.

కొర్లయ్య పెళ్ళాం మొహంలోకి చూడలేక తల దించుకున్నాడు. అరచేతులు పొక్కులు తేలి ఉన్నాయి.

"కోనాం పడనేదే ఎర్నీ" అన్నాడు.

"కోనామంట, కోనాం! ఇంకోపాలి ఆ మాటెత్తు, సెప్తాను!" అని అరిచింది ఎర్నమ్మ. అరుస్తూనే ఆ రెండు చేతులూ పట్టుకుని, మొహానికి ఆనించుకుని, వెక్కి వెక్కి ఏడ్చింది. "నువ్వొచ్చినావు. నాకింకేటీ వొద్దు."

కొర్లయ్య మొహం వెలిగిపోయింది.

ఇటు గాలయ్య సంగతి ఏమైందో చూద్దాం. వెచ్చదనం కోసం నేల మీదికి పరుగెత్తాడు కదా, మధ్యాహ్నపు ఇసుక చురుక్కుమనిపించింది. కాలు కాలిన పిల్లిలా పైకి ఎగిరాడు. ఎగిరి ఎగిరి ఆకాశంలోకి పోయాడు. అక్కడ మళ్ళీ చలి! పైపైనే సముద్రం మీదికి వెళ్ళి, కిందికి దిగి, అక్కడా చలేసి, మళ్ళీ నేలకి పరుగు. పొద్దుగూకే దాకా ఆయనకి ఇదే పని. కూర్చుని తిన్నన్నాళ్ళు తిన్నాడు, ఇప్పుడు తిరగనీ!

ఆ సాయంత్రం నేలమ్మ చెల్లెల్ని చూసి కిలకిలా నవ్వింది. "సల్లబడిపోనావే! నా ముందు ఓడిపోనావే!"

కడలమ్మ బదులు చెప్పలేదు. లోపల దాచుకున్నవాళ్ళకి పైకి మాటలెందుకు?

సూరీడు వెళ్ళిపోయాడు. నేలమ్మ వేడి అంతా పైపైనే ఉంది కదా, లోపలికి దించుకుందామన్నా మట్టిలో దారి లేదు. చూస్తుండగానే ఖర్చయిపోయింది. తెల్లవారుజాముకి ఎప్పటిలాగే పళ్ళు టకటకలాడాయి. కడలమ్మ మాత్రం తన లోతుల మూత తీసింది. వెచ్చదనం కొంచెం కొంచెంగా పైకి వచ్చింది. పుట్టి బుద్ధెరిగాక ఆమె వణక్కుండా గడిపిన మొదటి రాత్రి అది.

"సెల్లే" అంది నేలమ్మ, చాలాసేపు బిగించుకుని బిగించుకుని. "అదెలా సేసినావో నాకూ సెప్పవా?"

"నీకు లోతు నేదు కదే అక్కా" అంది కడలమ్మ. ఆమె గొంతులో ఎగతాళి లేదు. "పర్నేదు. పగలు నువ్వు ఎచ్చగా ఉండు, రేతిరి నాను ఎచ్చగా ఉంటాను. ఇద్దరం ఒకేలా ఉండాలని ఎవురు సెప్పినారు?"

ఆ మాటతో అక్కచెల్లెళ్ళ పోటీ తీరిపోయింది. గాలయ్య నేల మీద చలికి ముడుచుకుని, ముక్కు ఎగబీల్చి, ఈసారి వెచ్చదనం సముద్రం వైపు నుంచి వస్తోందని పసిగట్టాడు. గిరుక్కున తిరిగి అటు పరుగెత్తాడు.

సరిగ్గా అదే వేళకి కొర్లయ్య తెప్ప తోస్తున్నాడు. గాలి వెనక నుంచి ఒడ్డు మీంచి వచ్చి, తెడ్లకి కట్టిన ఎర్రచీరని ఉబ్బించి, తెప్పని సముద్రంలోకి నెమ్మదిగా తీసుకుపోయింది. తెడ్డు పట్టాల్సిన పని లేకపోయింది. పొక్కుల చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడాయన.

మధ్యాహ్నానికి గాలయ్య మళ్ళీ తిరిగాడు. తెప్పా తిరిగింది. మర్నాడూ అంతే. మూడో రోజుకి గవ్వలపేటలో ప్రతి ఇంట్లోనూ ఆడవాళ్ళ పాత చీరలు మాయమయ్యాయి.

అప్పటినుంచే, ఎండెక్కాక గాలి కడలి మీంచి నేల మీదికి వీస్తుంది. రాత్రి చల్లబడ్డాక నేల మీంచి కడలి మీదికి వీస్తుంది. చీకటితో వెళ్ళేవాళ్ళని వెళ్ళి రమ్మని సాగనంపేదీ అదే, పొద్దెక్కాక ఇక ఇంటికి పదమని తోసుకొచ్చేదీ అదే. ఒడ్డున నిలబడి ఎదురుచూసేవాళ్ళ మొహానికి, తెప్ప కనబడకముందే, ఆ చల్లగాలి వచ్చి తగులుతుంది.